సెకండ్ గేరు

ఆ వేసవిలో మా కారు తొమ్మిదిసార్లు హీటెక్కి రోడ్డు మధ్యలో ఆగిపోయింది. తొమ్మిదిసార్లూ నడిపింది మా మామగారే. ఈ రెండో మాట పైకి అనడానికి నాకు నెల పైనే పట్టింది.

మాది లాండ్రీ ఇల్లు. ముందు గదుల్లో మేము, వెనక రేకుల షెడ్డులో మెషీన్లు. ఒక క్లినిక్కు, రెండు లాడ్జీలు, ఒక హాస్టలు మా దగ్గర దుప్పట్లు, తువ్వాళ్ళు, దిండు గలీబులు ఉతికించుకునేవి. అన్నీ ఇస్త్రీ చేసి పొద్దున పది లోపల అప్పగించాలి. మెషీన్ల దగ్గర మా ఆయన, ఇస్త్రీ బల్ల దగ్గర నేను. మూటలు చేరవేసే పని మామయ్యది. ఆయన ముప్పయ్యేళ్ళు ఒక ఫ్యాక్టరీ బస్సు నడిపి రిటైరయిన మనిషి. వీధిలో అందరికీ ఆయన 'డ్రైవరుగారు'. అసలు పేరు రాసి ఎవరైనా ఉత్తరం వేస్తే, కొత్త పోస్టుమాన్ రెండు మూడు గుమ్మాలు తిరిగాక గానీ మా గుమ్మం ఎక్కేవాడు కాదు.

కారు నా పెళ్ళి కన్నా పదేళ్ళు పెద్దది. వెనక సీటు సగం తీసేసి మూటలకు చోటు చేశారు. మిగిలిన సగంలో, సెలవులు కదా అని, ఎనిమిదేళ్ళ మా పాప ఇరుక్కుని కూర్చునేది. ముందు సీట్లో అత్తయ్య. ఆమె లేకుండా మామయ్య కారు తీసేవారు కాదు. "లెక్కపెట్టి దించద్దూ? ఈయనకి పదిహేను తర్వాత పదిహేడే గుర్తొస్తుంది" అనేది ఆమె.

మొదటిసారి హీటెక్కిన రోజు అత్తయ్య ఫోను చేస్తే స్కూటరు మీద వెళ్ళాను. పాత మార్కెట్టు వెనక సందులో, తాళాలు బాగుచేసే కొట్టు ముందు కారు ఆగి ఉంది. బానెట్ లేపి ఉంది. లోపల్నించి ఆవిరి బుసబుసమని వస్తోంది. పాప గట్టు మీద కూర్చుని కాళ్ళూపుతోంది. అత్తయ్య క్లినిక్కు తువ్వాలు ఒకటి మడత విప్పి ఇంజనుకు విసురుతోంది, జ్వరం వచ్చిన పిల్లాడికి విసిరినట్టు.

నేను వంగి చూడబోయాను.

"మూత ముట్టుకోకమ్మాయ్" అన్నారు మామయ్య, చేతులు కట్టుకుని నిలబడే. "లోపల నీళ్ళు కుతకుతలాడుతుంటాయి. తీశావో, మొహం మీదకి చిమ్ముతుంది. అరగంట ఆగాలి."

అరగంట ఆగి, రేడియేటర్‌లో నీళ్ళు పోసి, క్లినిక్కు చేరేసరికి పదకొండున్నర. అక్కడి హెడ్ నర్సు నాకు ఫోను చేసి, మంచాల మీద పరచడానికి దుప్పట్లు లేక రోగుల్ని బెంచీల మీద కూర్చోబెట్టానని చెప్పింది. నేను సారీ చెప్పాను. ఆ వేసవిలో నేను ఎక్కువగా వాడిన మాట అదే.

కారు మెకానిక్కును మేము గొణుగుడు మేస్త్రి అనేవాళ్ళం. మొహం మీద కాదు లెండి. ఆయన మనుషులతో మాట్లాడేది తక్కువ, ఇంజనుతో మాట్లాడేది ఎక్కువ. బానెట్ లోకి తల దూర్చి "ఏంటమ్మా, ఎందుకలా కోపం" అని గొణుగుతుంటే, ఎవరితో అంటున్నాడో తెలియక నేను ఒకటి రెండుసార్లు జవాబు చెప్పాను కూడా.

"థర్మోస్టాట్ పోయింది" అన్నాడు మొదటిసారి. "నీళ్ళు తిరిగే దారిలో చిన్న తలుపు లాంటిది. ఇంజను వేడెక్కగానే తెరుచుకోవాలి. ఇది బిగుసుకుపోయింది."

కొత్తది వేశాడు. నాలుగు రోజులు బాగుంది. అయిదో రోజు హాస్టలు దారిలో మళ్ళీ ఆవిరి.

"అయితే రేడియేటర్ పూడుకుపోయింది" అన్నాడు. విప్పి కడిగితే టీ రంగు నీళ్ళు బకెట్టుడు వచ్చాయి. ఆ నీళ్ళు చూసి నాకెంత తృప్తి కలిగిందో! ఇంత మురికి పోయాక ఇంక జబ్బేముంటుంది? మూడు రోజులకు మళ్ళీ ఆవిరి.

తర్వాత వాటర్ పంపు మార్చాడు. తర్వాత బెల్టు. తర్వాత రేడియేటర్ మూత. నీళ్ళూ ఆయిలూ కలవకుండా ఆపే హెడ్ గాస్కెట్ పోయిందేమోనని ఆయిల్ కడ్డీ పైకి తీసి, వేలికి రాసుకుని, ఎండలో పెట్టి చూశాడు. "నీళ్ళు కలిస్తే తెల్లగా అయ్యేది. కాలేదు. గాస్కెట్ బాగుంది" అన్నాడు కొంచెం నిరాశగా. తన షెడ్డులోనే ఇంజను వేసి ఇరవై నిమిషాలు నిలబెట్టాడు. రేడియేటర్ వెనక ఫ్యాను గిర్రున తిరిగింది. "ఫ్యాను బాగుంది. నా కళ్ళతో నేనే చూశాను" అని దాన్ని అనుమానాల జాబితాలోంచి తీసేశాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బైపాస్ మీద ముప్పయి కిలోమీటర్లు నడిపాడు. టెంపరేచర్ ముల్లు సగం దగ్గర కదలకుండా నిలబడింది.

"చూశారా, ఏమీ లేదు" అన్నాడు.

ఏమీ లేదనిపించుకున్న ఆ కారే మర్నాడు లాడ్జీ గేటు ముందు ఆగిపోయింది.

ఈలోపల ఊళ్ళో ప్రతివాళ్ళూ ఇంజను డాక్టర్లయిపోయారు. ఆయిల్ మార్చమని లాడ్జీ మేనేజరు, నీళ్ళల్లో సున్నం ఎక్కువని క్లినిక్కు వాచ్‌మన్, అసలు ఆ రంగు కార్లన్నీ ఇంతేనని ఎదురింటాయన. నేను అందరి మాటా విన్నాను. ఎవరు చెప్తే అది నిజమనిపించేది. ఇస్త్రీ పెట్టెకు పోసే నీళ్ళు కాచి చల్లార్చినవే కదా, అవే కారుకు పోస్తే ఏమవుతుందని ఒక వారం అవి కూడా పోశాం. ఏమీ కాలేదు.

అప్పుడు రాయడం మొదలుపెట్టాను. బట్టల చీటీల పుస్తకం ఒకటి పాతది ఉంటే, దాని వెనక పేజీల్లో ఏ రోజు, ఏ దారి, ఎండ ఎంత, ముల్లు ఎక్కడ, ఎవరు నడిపారు అని రాశాను. చదువుకునే రోజుల్లో సైన్సు అంటే నాకు చలిజ్వరం. కానీ ఏదో ఒకటి రాస్తుంటే గందరగోళం కొంచెం సర్దుకున్నట్టు ఉండేది. ఎండ బాగా కాసిన రోజున వేడెక్కలేదు. మబ్బు పట్టిన రోజున వేడెక్కింది. మూటలు నిండుగా ఉన్నప్పుడు బాగుంది, ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు ఆగింది. మేస్త్రి నడిపితే వేడెక్కలేదు. ఒకరోజు మా ఆయన నడిపితే వేడెక్కలేదు. మూడు వారాలు రాశాక, ఎవరు నడిపారన్న వరసలో పైనుంచి కిందికి వేలు పెట్టి చూశాను. చూసి పుస్తకం మూసేశాను.

మా ఆయనకు మధ్యాహ్నం చెప్పాను, మెషీను తిరుగుతుండగా, ఎవరికీ వినిపించకుండా.

"నాన్న నడిపితేనే హీటెక్కుతోందా?" అన్నారు ఆయన గట్టిగా. మెషీన్ల మధ్య బతికి బతికి ఆయనకు మెల్లగా మాట్లాడడం రాదు. "నాన్న బస్సు తోలేటప్పుడు నువ్వు పలక కూడా పట్టుకోలేదు. చేతిని బట్టి ఇంజను వేడెక్కుతుందా ఎక్కడైనా?"

షెడ్డు గుమ్మంలో మామయ్య నిలబడి ఉన్నారు.

"నా చెయ్యి తగిలితే కాలుతోందనా?" అన్నారు.

"కాదు మామయ్యా. ఊరికే రాసుకున్నాను."

"రాసుకో. బాగా రాసుకో." జేబులోంచి తాళంచెవి తీసి ఇస్త్రీ బల్ల మీద పెట్టారు. విసరలేదు. పెట్టారు. "వారం రోజులు నువ్వే నడుపు. అప్పుడు చూద్దాం ఎవరి చేతిలో ఏముందో."

వారం నేనే నడిపాను. నాకు ఇరుకు సందులంటే భయం. మామయ్య వెళ్ళే లోపలి దారి వదిలేసి, చుట్టయినా బైపాస్ మీదుగా వెళ్ళేదాన్ని. ముల్లు సగం దాటలేదు. ఒక్కరోజు దాటినా బాగుండు అనుకున్నాను. అత్తయ్య పక్కనే కూర్చుంది గానీ ఒక్క మాట మాట్లాడలేదు. మామయ్య పక్కన కూర్చుంటే ఇల్లు కదిలినప్పటినుంచీ తిరిగొచ్చేదాకా నోరు మూతపడని మనిషి, నా పక్కన చేతులు ఒళ్ళో పెట్టుకుని, కిటికీలోంచి చూస్తూ, రెండుసార్లు నిద్ర కూడా పోయింది. నామీద అలిగిందనుకున్నాను.

ఆ వారంలో ఇస్త్రీ కొండలా పేరుకుపోయింది. తాళంచెవి మళ్ళీ మామయ్యకు ఇచ్చేశాం. ఇచ్చిన రెండో రోజే ఫోను.

ఇంక నేను ఆగలేకపోయాను. "రేపు నేను కూడా వస్తాను. ముందు సీట్లో కూర్చుని ముల్లు చూస్తాను" అన్నాను.

"ముందు సీటు నాది" అంది అత్తయ్య.

"ఒక్కరోజే కదత్తయ్యా."

"వెనక కూర్చో. మెడ చాచితే కనిపిస్తుంది ముల్లు."

పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆమె నాకు పట్టుచీర అడిగితే ఇచ్చింది, చేతి గాజులు అడిగితే ఇచ్చింది. సీటు ఇవ్వలేదు. పాపను ఇంట్లో వదిలి నేను మూటల పక్కన ఇరుక్కున్నాను.

కారు గేటు దాటింది. అత్తయ్య మొదలుపెట్టింది.

"సైకిలు. పోయింది. పదండి. ఎదర బండి ఆగింది, ఆగండి. ఆగండి అంటే! ఊ, కదిలింది. కొంచెం ఎడమకి. మలుపు. ముసలాయన దాటుతున్నాడు. దాటేశాడు. పదండి."

ఎంత సాధింపు మనిషమ్మా ఈమె, అనుకున్నాను. మామయ్య మారు మాట్లాడకుండా, తల కొంచెం పక్కకి వంచి, స్టీరింగు మీద రెండు చేతులూ బిగించి నడుపుతున్నారు. గేరు సెకండ్ నుంచి కదలడం లేదు. నాలుగు వీధులు దాటాం. అదే గేరు. ఇంజను గీపెడుతోంది. వెనక నుంచి హారన్లు. ఒక స్కూటరువాడు పక్కనుంచి పోతూ "తోసుకుపోరాదూ!" అని అరిచాడు. ఖాళీ రోడ్డు వచ్చింది. థర్డ్ వేస్తారనుకున్నాను. వెయ్యలేదు.

"ముల్లు ఎక్కడుంది?" అన్నారు మామయ్య.

నేను మెడ చాచేలోపలే "సగం దాటింది" అంది అత్తయ్య.

మార్కెట్టు సందు మొదట్లో ఎర్ర గీత దగ్గరికి వచ్చింది. మధ్యలో ఆవిరి. ఆగాం. బానెట్ లేపితే వేడిగాలి మొహానికి కొట్టింది. మామయ్య పక్కన నిలబడి ఎప్పటిలాగే ఇంజను వైపు చూస్తున్నారు. నేను కూడా చూశాను. ఆవిరి కాస్త విడిపోయాక, రేడియేటర్ వెనక నల్లటి ఫ్యాను కనిపించింది. రెక్కలు నాలుగూ లెక్కపెట్టగలిగాను. ఇంజను అంత వేడెక్కినా అవి తిరగడం లేదు.

ఆ మాట ఆయనకు అప్పుడు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. ఇంజను వేడిగా ఉండగానే మేస్త్రిని ఫోను చేసి పిలిపించాను.

ఆయన వచ్చి, చూసి, గొణుక్కుంటూ ఫ్యాను వైరు పట్టుకుని కొంచెం కదిపాడు. ఫ్యాను ఠక్కున తిరిగింది. వదిలేస్తే ఆగింది. మళ్ళీ కదిపితే తిరిగింది.

"దొరికావా" అన్నాడు, ఈసారి స్పష్టంగా. వైరు చివర తెల్ల సాకెట్ ఒకటి ఉంది. లాగితే లోపలి సగం కాలి బొగ్గయిపోయింది. "లోపలి పిన్ను వదులైంది. నా షెడ్డుకి వచ్చేసరికి అంటుకునేది, కుదుపులకి ఊడేది. అందుకే నన్ను ఇన్నాళ్ళు వెధవని చేసింది."

మామయ్య, అత్తయ్య అప్పటికే మూటలు ఆటోలో వేసుకుని క్లినిక్కుకు వెళ్ళిపోయారు. నేనూ మేస్త్రీ కారును ఆయన షెడ్డుకు చేర్చాం. కొత్త సాకెట్ బిగించడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు.

"మరి నేను నడిపితే ఎందుకు వేడెక్కలేదు?" అన్నాను.

"మీరు బైపాస్ మీద పోతారు. స్పీడుగా పోతే గాలి దానంతటదే రేడియేటర్‌కి కొడుతుంది, ఫ్యానుతో పనిలేదు. నిదానంగా పోయేటప్పుడే ఫ్యాను కావాలి. మీ మామగారు మరీ అంత నిదానంగా పోతారా?"

"ఇవాళ చూశాను. మొత్తం సెకండ్ గేరే."

"డ్రైవరుగారా?" మేస్త్రి చేతులు తుడుచుకుంటున్నవాడల్లా ఆగాడు. "అదీగాక, ఇన్నిసార్లు బానెట్ ఎత్తారు కదమ్మా. ఎదురుగా ఫ్యాను ఆగిపోయి ఉంటే ఆయనకి కనపడలేదా? నాకంటే ముందు ఆయనే పట్టుకోవాలి."

కాలిపోయిన సాకెట్టును నా చేతిలో పెట్టాడు. పాత బండి కదా, ఇంకోటి దగ్గర ఉంచుకోండి అని, కొత్తదొకటి కూడా ఇచ్చాడు.

నాకు ఒకటే ఆత్రం. మీ చేతిలో తప్పు లేదు, తప్పంతా ఈ బోడి ప్లాస్టిక్కు ముక్కది అని మామయ్యకు చూపించాలి. ఇంటికి రాగానే, వరండాలో కూర్చున్న ఆయన దగ్గరకు వెళ్ళి, సంచీలో చెయ్యి పెట్టి, తగిలిన సాకెట్ తీసి అరచేతిలో పెట్టి చాచాను.

"ఇదీ మామయ్యా దొంగ. ఫ్యాను సాకెట్టట."

ఆయన తల పక్కకి వంచి నా చేతి వైపు చూశారు. "అబ్బో" అన్నారు. "ఎంత మాడిపోయిందో చూడు. నల్లగా బొగ్గయిపోయింది."

అప్పుడు చూసుకున్నాను. నా చేతిలో ఉన్నది కొత్తది. పాలలా తెల్లగా ఉంది.

ఆయన వెనక అత్తయ్య నిలబడి ఉంది. చేతిలో టీ గ్లాసు ఉంది. నావైపు చూసింది. నేను చెయ్యి మూసేశాను.

"అవును మామయ్యా" అన్నాను. "బాగా మాడింది."

ఆ మధ్యాహ్నమంతా ఒకే దుప్పటిని రెండుసార్లు ఇస్త్రీ చేశాను. లేదు, నేను తప్పుగా అనుకుంటున్నానేమో. ఎండలోంచి నీడలోకి వచ్చి చూస్తే ఎవరికైనా మసకగానే ఉంటుంది. కళ్ళజోడు కూడా పెట్టుకోలేదు. ఆయన ఇంట్లో దేన్నీ తన్నుకోరు, గడపల దగ్గర తడబడరు, గ్లాసు అందిస్తే సరిగ్గా అందుకుంటారు. కళ్ళు కనిపించని మనిషి అలా ఉంటాడా? మరి మాడిందని ఎందుకన్నారు? మేస్త్రి మాడిందని ఫోనులో చెప్పి ఉంటాడా? ఇలా అనుకుంటూ ఉంటే పాప వచ్చింది.

"రేపు నేను వెళ్ళచ్చా కార్లో?" అంది. "నేను లేకపోతే ఆట చెడిపోతుంది."

"ఏం ఆట?"

"నానమ్మ ముందు ఏమొస్తోందో చెప్తుంది. నేను వెనకాల ఏమొస్తోందో చెప్తాను. తాతయ్య చూడకుండా నడుపుతాడు. ఒక్కసారి కూడా ఓడిపోలేదు తెలుసా?"

ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, స్విచ్చి ఆపి, పెరట్లోకి వెళ్ళాను. అత్తయ్య తీగ మీద దుప్పట్లు ఆరేస్తోంది. నోట్లో క్లిప్పులు పట్టుకుని ఉంది.

"ఎన్నాళ్ళయింది అత్తయ్యా?"

ఏమిటని ఆమె అడగలేదు. క్లిప్పులు ఒక్కొక్కటే నోట్లోంచి తీసి చేతిలో పెట్టుకుంది.

"రెండేళ్ళు దాటింది. మొదట్లో అక్షరాలు వంకరగా కనపడుతున్నాయన్నారు. తర్వాత మనుషుల మొహాలు పోయాయి. అంచులన్నీ కనిపిస్తాయట. దేన్ని చూడాలనుకుంటే అదే కనిపించదట."

"డాక్టరుకి చూపించలేదా?"

"చూపిస్తే బండి ఆపమంటాడుగా."

"పాపని ఎక్కించుకున్నారు." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "వెనక ఏమొస్తోందో పాపతో చెప్పించుకున్నారు. మీకు మనసెలా ఒప్పింది?"

"నేను చూస్తూనే ఉన్నానుగా."

"మీరొక్క క్షణం రెప్ప వేస్తే?"

"వెయ్యలేదు" అంది అత్తయ్య. "రెండేళ్ళలో ఒక్కసారి కూడా వెయ్యలేదు. రోడ్డు మీద పూచికపుల్ల ఉంటే అది కూడా చెప్పాను. నీ పక్కన కూర్చున్న వారమే నేను నిద్రపోయింది."

ఎంత కోపంతో వెళ్ళానో ఆ కోపం ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఆమె కళ్ళ కింద నల్లటి గుంటలు అంతకుముందు కూడా ఉన్నాయి. నేను చూడలేదు. రెండేళ్ళలో కారుకు ఒక్క గీత కూడా పడని మాట నిజం. మా పాప కళ్ళు లేని బండిలో ఊరంతా తిరిగిన మాట కూడా నిజం. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో నాకు అర్థం కాలేదు.

"ఆయనకి నువ్వేమీ అనకు" అంది. "అనాలంటే నన్నను."

"ఎవరో ఒకరు అనాలి కదత్తయ్యా" అన్నాను.

మా ఆయనకు చెప్పాను. ఈసారి ఆయన గట్టిగా మాట్లాడలేదు. మెషీన్లు రెండూ ఆపేసి ముందు వరండాలోకి వెళ్ళారు. నేను కిటికీలోంచి చూశాను. మెట్టు మీద మామయ్య పక్కన కూర్చున్నారు. ఇద్దరూ వీధివైపు చూస్తూ చాలాసేపు ఉన్నారు. ఎవరు ఏమన్నారో, అసలు అన్నారో లేదో తెలియదు. కాసేపటికి మామయ్య జేబులోంచి తాళంచెవి తీసి, చేత్తో తడుముకుని, కొడుకు చొక్కా జేబులో వేశారు.

కళ్ళ డాక్టరు చిన్న దీపం పెట్టి చాలాసేపు చూసింది. కంటి నడుమ భాగం దెబ్బతిందని, పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది పోకుండా ప్రయత్నిద్దామని చెప్పింది. ఏడాది ముందు తీసుకొచ్చి ఉంటే బాగుండేదంది. ఏడాది ముందు సాకెట్ బాగానే ఉంది. ఫ్యాను బాగానే తిరిగింది. మాకు అనుమానం ఎక్కడినుంచి వస్తుంది? అది కాలిపోవడం మంచిదైందా చెడ్డదైందా అని ఆటోలో తిరిగి వస్తూ ఎంత ఆలోచించినా తేలలేదు.

ఆ తర్వాత మామయ్య కారు దగ్గరకు రావడం మానేశారు. పొద్దున్నే షెడ్డులో బల్ల దగ్గర కూర్చుని తువ్వాళ్ళు మడతపెట్టేవారు. మూల మూల కలిపి, వేళ్ళతో అంచు నొక్కి, నాకంటే బాగా పెట్టేవారు. నాతో మాత్రం "ఊ", "ఊహూ" తప్ప మాట లేదు. వీధిలో ఎవరైనా "డ్రైవరుగారూ" అని పిలిస్తే వినిపించనట్టు తల వంచుకునేవారు. ఒకరోజు పాప "అమ్మా, తాతయ్యకి చెవులు కూడా పోయాయా?" అని అడిగింది. ఆయన విన్నారు.

తప్పు చేశానేమో అని ఒక పూట అనిపించేది. పాపను చూస్తే, ఇంకా ముందే చెయ్యాల్సిందని మరో పూట. పొద్దున కారు నడపడం, మధ్యాహ్నం నుంచి ఇస్త్రీ. కార్లో ఆయన పెట్టుకున్న అద్దం తిప్పడానికి చెయ్యి రాక, మెడ చాచి చూసుకునేదాన్ని. నడుము పడిపోయింది. హాస్టలువాళ్ళు రెండుసార్లు మూటలు ఆలస్యమని వెనక్కి పంపారు. ఇంకెవరినైనా డ్రైవరుగా పెట్టుకుందామని మా ఆయన ఒకసారి అన్నారు. మామయ్య చేతిలో తువ్వాలు సగం మడతలో ఆగింది. మా ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఎండలు తగ్గుముఖం పట్టాయి. ఒకరోజు మూటలు దించి వచ్చి కారు ఆపుతుంటే, పక్క సీట్లోంచి అత్తయ్య దిగలేదు.

"నాకు నేర్పిస్తావా ఇది?" అంది, స్టీరింగు వైపు గడ్డం చూపించి.

"మీకా?"

"ఏం? రోడ్డు నాకు తెలుసు. ఏ మలుపులో ఏ కుక్క అడ్డం వస్తుందో కూడా తెలుసు. ఇంజను ఎప్పుడు గేరు అడుగుతుందో చెవికి తెలుసు. రెండేళ్ళు రోడ్డంతా చూసింది నేనే కదమ్మాయ్. ఇంక చేతులూ కాళ్ళే తెలియాలి."

ఆమెకు అరవై నిండడానికి ఒకటే తక్కువ. నవ్వాలో వద్దో తెలియలేదు. ఆమె నవ్వడం లేదు. లెర్నర్ లైసెన్సు కోసం ఫోటో దిగడానికి వెళ్ళినప్పుడు, కెమెరావాడు "రెప్ప వెయ్యకండమ్మా" అంటే "నాకు చెప్తావా" అంది.

లైసెన్సు వచ్చిన రోజు సాయంత్రం, షెడ్డుకీ గేటుకీ మధ్య ఖాళీ జాగాలో కారు నిలబెట్టాను. రోడ్డెక్కే ముందు నాలుగు రోజులు ఇక్కడే, ముందుకీ వెనక్కీ అనుకున్నాం. మా ఆయన మెషీను దగ్గర్నుంచి బయటికి వచ్చి, గోడకు ఆనుకుని నిలబడ్డారు. పాప నీళ్ళ తొట్టి ఎక్కి కూర్చుంది. మామయ్య షెడ్డు గుమ్మంలో స్టూలు మీద, ఒళ్ళో తువ్వాళ్ళతో ఉన్నారు. ఏం జరుగుతోందో ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేదు.

అత్తయ్య డ్రైవరు సీట్లో కూర్చుంది. కూర్చుంటే స్టీరింగు చాటున మొహం సగమే కనిపించింది. కాళ్ళు చాచింది. క్లచ్చి అందలేదు. ఇంకా కిందికి జారింది.

నేను పక్క సీట్లో కూర్చోవడానికి ఇటు తిరిగి వస్తున్నాను. అప్పటికే మామయ్య లేచారు. తువ్వాళ్ళు స్టూలు మీద పెట్టారు. కారు పక్కన చెయ్యి ఆనించుకుంటూ వచ్చి, తలుపు పిడి పట్టుకుని ఆగారు. నేను వెనక్కి జరిగాను. ఆయన తలుపు తీసి, ఎన్నడూ కూర్చోని ఆ సీట్లో కూర్చుని, తలుపు వేసుకున్నారు. నేను వెనక తలుపు తీసుకుని పాప చోటులో ఇరుక్కున్నాను.

"సీటు ముందుకి జరుపుకో" అన్నారు మామయ్య, ఎదురుగా చూస్తూ. "అలా జారితే రోడ్డేం కనపడుతుంది?"

"ఎలా జరపాలి?"

"కింద ఇనప కడ్డీ ఉంటుంది. పైకి లాగి, ముందుకి కదులు."

సీటు కిర్రుమంటూ ముందుకు వచ్చింది. అత్తయ్య మొహం స్టీరింగు మీదుగా పైకి లేచింది. ఆమె తాళంచెవి వైపు చెయ్యి పెట్టబోయింది.

"తొందరపడకు" అన్నారాయన. "ముందు అద్దం సరిచేసుకో. అది నాకు పెట్టి ఉంది. నీకు కనపడేటట్టు తిప్పుకో."